వరసలో చివరివాడు

బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షెడ్డు. దాని ఆఫీసు గదిలో గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరు మీద ప్రతి నెలా నాలుగు గడుల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు పడతాయి. ఏడు, పదకొండు, పదిహేను, ఇరవై. ఏడో తారీఖు లోపల జీతాలు పడాలి, అంతకుముందు నెల కోసిన టీడీఎస్ కట్టాలి. పదకొండుకు జీఎస్టీలో అమ్మకాల వివరాలు ఎక్కించాలి. పదిహేనుకు పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవైకి జీఎస్టీ రెండో రిటర్ను, దాంతోపాటు డబ్బు. ఏకాదశులు, అమావాస్యలు, రాహుకాలాలు అచ్చయిన ఆ కాగితం మీద ఇళ్ళల్లో అయితే పండుగలు వెతుక్కుంటారు. ఆ షెడ్డు యజమాని కళ్ళు మాత్రం ఈ సున్నాల దగ్గరే ఆగుతాయి. కాసేపు ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు ఒక సంగతి తడుతుంది, తట్టాక వదలదు. అందరికీ తారీఖు ఉంది, ఆయనకు లేదు. తన ఇంటికి తాను డబ్బు తీసుకెళ్ళే రోజు చుట్టూ ఏ సున్నా లేదు.

ఎందుకు లేదు? మరిచిపోయాడా? అవసరం లేదనుకున్నాడా? లేక గీసి పెట్టుకుంటే ఆ రోజు గడిచిపోయినప్పుడల్లా గుర్తొస్తుందని వదిలేశాడా?

ఇరవై రెండు మందికి జీతాలిచ్చే మనిషి ఆయన. నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టి, ఐటీఐలో టర్నర్ పని నేర్చుకుని, ఇదే బాలానగర్‌లో వేరే వాళ్ళ షెడ్డులో ఏళ్ళ తరబడి లేత్ మీద నిలబడ్డవాడు. తర్వాత భార్య నగలు బ్యాంకులో కుదవపెట్టి ఒక పాత లేత్ కొన్నాడు. ఇందులో అరుదైనదేమీ లేదు. బాలానగర్ పెరిగిందే ఇలాంటి వాళ్ళతో. 1960ల్లో ఇక్కడికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వచ్చింది, మందులు తయారుచేసే ఐడీపీఎల్ వచ్చింది. 1968లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీలకు చిన్న విడిభాగాలు కావాలి. చేతిలో పని ఉన్న కుర్రాళ్ళు అద్దె షెడ్లు తీసుకుని ఒక్కో మెషిన్ పెట్టుకున్నారు. 1970లో ముగ్గురు ఇక్కడే మొదలుపెట్టిన ఎంటార్ అనే సంస్థ అణు రియాక్టర్లకూ, ఇస్రో రాకెట్లకూ భాగాలు చేసే స్థాయికి ఎదిగి, 2021లో స్టాక్ మార్కెట్టులో నమోదైంది. ఆ కథ ఇక్కడి ప్రతి షెడ్డు యజమానికీ తెలుసు. తన కథ అక్కడిదాకా వెళ్ళదని కూడా చాలామందికి తెలుసు. అయినా పొద్దున్నే షట్టరు ఎత్తుతారు.

డబ్బు వచ్చినప్పుడు అది వెళ్ళే దారికి ఒక వరస ఉంటుంది. మొదట జీతాలు. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే అద్దె ఇంట్లో ఉన్న హెల్పర్‌కు ఇంటి ఓనరు ముందు మాట పోతుంది. తర్వాత ప్రభుత్వం. ఆపైన బ్యాంకు కిస్తు, కరెంటు బిల్లు, షెడ్డు అద్దె. ఆ తర్వాత ఇనుము, అల్యూమినియం రాడ్లు ఇచ్చే మెటీరియల్ షాపు. వీళ్ళందరి తర్వాత, ఏమైనా మిగిలితే, ఆయన ఇల్లు. మిగలని నెలలో చిట్టీ పాడుకుంటాడు. చిట్టీ లేని నెలలో ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు, ఆయన ఏమీ చెప్పడు. దీన్ని త్యాగం అనాలా? చుట్టాలు అంటారు. ఆయన మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా కదిలి కూర్చుంటాడు, ఒప్పుకోడు. ఆయన ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. వరసలో చివర నిలబడే మనిషికి చట్టం ఇంకో హక్కు ఇచ్చింది. మంచి సంవత్సరంలో అందరికీ ఇచ్చాక మిగిలిందంతా ఆయనదే. షెడ్డు ఆయనదే, మెషిన్లు ఆయనవే, పేరు ఆయనదే. నష్టాన్ని ముందు తినేవాడికి లాభం చివర దక్కడం వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న ఒప్పందం. మరి గుచ్చుకునేది ఏమిటి? చివర నిలబడటం కాదు. తన ముందున్న వాళ్ళందరికీ గడువులున్నాయి, తనకు డబ్బు ఇవ్వాల్సినవాళ్ళకు మాత్రం ఆచరణలో ఏ గడువూ లేదు. అదీ ఆయన్ని తినేసేది.

ఒక బిల్లు సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. 5 లక్షల రూపాయల భాగాలు చేసి, నెలాఖరున ఒక పెద్ద కంపెనీకి పంపించాడు అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 90 వేలు. ఇన్‌వాయిస్ రాసిన రోజే ఆ పన్ను పుట్టింది. మెటీరియల్ 3 లక్షలకు కొన్నప్పుడు కట్టిన 54 వేలు అందులోంచి తీసేసుకోవచ్చు. మిగిలిన 36 వేలు వచ్చే నెల 20 లోపల కట్టాలి. కంపెనీ ఆయనకు డబ్బు ఇచ్చేది తొంభై రోజులకో, నూట ఇరవై రోజులకో. అంటే కంటితో చూడని డబ్బు మీద పన్నును ఆయన ముందుగా కడుతున్నాడు. ఎక్కడి నుంచి? బ్యాంకు ఇచ్చిన సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ నుంచి, పదో పదకొండో శాతం వడ్డీకి. ఇలాంటి బిల్లులు నాలుగు ఒకేసారి పడిన నెలలో ఆ మొత్తం లక్షా నలభై నాలుగు వేలు అవుతుంది.

ఈ లెక్కలో ఇంకా మడతలున్నాయి. మెటీరియల్ షాపువాడు తన రిటర్ను ఎక్కించకపోతే ఆ 54 వేలు ఈయన ఖాతాలో కనబడవు. 2022 జనవరి 1 నుంచి చట్టం అలా ఉంది. కొన్నవాడు పన్నుతో సహా డబ్బు ఇచ్చేసినా సరే, అమ్మినవాడు ప్రభుత్వానికి చూపించేదాకా ఆగాలి. ఈయనే మెటీరియల్ షాపుకు నూట ఎనభై రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, అలా తీసేసుకున్న పన్నును వడ్డీతో వెనక్కి కట్టాలి. పంపిన సరుకుకు డబ్బు ఎగ్గొట్టి కొనుగోలుదారు మాయమైపోతే, ఆ బిల్లు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. “అన్నా, ఇరవై తారీకు దగ్గర పడ్డది” అని అకౌంట్లు చూసే కుర్రాడు ఫోన్ చేస్తే, ఆయన ముందుగా అడిగేది పన్ను ఎంత అని కాదు, ఎవరెవరి దగ్గర నుంచి డబ్బు పడిందని.

అయితే ఇక్కడ ఆగి నిజం చెప్పుకోవాలి. పాత రోజులు బంగారమేమీ కాదు. 2005లో వ్యాట్ రాకముందు అమ్మకపు పన్ను, వ్యాట్ వచ్చాక కూడా దానితో పాటు ఎక్సైజు, సర్వీస్ ట్యాక్స్, కేంద్ర అమ్మకపు పన్ను అంటూ ఒక్కొక్క ఆఫీసుకు ఒక్కొక్క ఫైలు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక బాలానగర్ నుంచి విజయవాడకు ఒక గేర్ బాక్సు పంపాలంటే అది ఒక్కసారిగా పరాయి రాష్ట్రం సరుకైంది. సీ ఫారం కావాలి, 2 శాతం పన్ను కావాలి, సరిహద్దు చెక్‌పోస్టు దాటాలి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ చెక్‌పోస్టుల దగ్గర లారీల బారులు తగ్గిపోయాయి. ఒకే పన్ను, ఒకే పోర్టల్. ఆయన దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాడు. పన్ను అంటేనే పడని మనిషి కాదు ఆయన. చదువుకున్న ఐటీఐ ప్రభుత్వం పెట్టింది. షెడ్డు నిలబడ్డ పారిశ్రామికవాడ ప్రభుత్వం వేసింది. మొదటి ఆర్డరు ఇచ్చింది ప్రభుత్వ రంగ సంస్థ. ఆ డబ్బంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు.

పన్ను కట్టే చిన్న మనిషి గొంతు ఎప్పుడైనా పైదాకా వెళ్ళిందా? చరిత్ర తిరగేస్తే వెళ్ళిందనే కనిపిస్తుంది, అయితే వెళ్ళిన దారులు వింతగా ఉన్నాయి. విజయనగరంలో సదాశివరాయల కాలంలో, 1540ల నాటి శాసనాలు మంగలివాళ్ళ మీది పన్నులు మాఫీ అయిన సంగతి చెబుతాయి. ఆ మాఫీకి కారణమైనవాడు, అసలు అధికారం చేతిలో ఉన్న అళియ రామరాయలకు క్షౌరం చేసిన కొండోజు. కత్తి, అద్దం పట్టుకుని ఊళ్ళు తిరిగి బతికే వాళ్ళ తరఫున మాట్లాడటానికి ఆ సామ్రాజ్యంలో ఉన్న ఒకే ఒక్క అవకాశం, పాలకుడి గడ్డం దగ్గర నిలబడే ఆ కొద్ది క్షణాలు. కొండోజు ఆ అవకాశాన్ని తన కోసం కాక తన వృత్తివాళ్ళందరి కోసం వాడాడు. శాసనాల్లో రాజుల పేర్ల పక్కన ఒక మంగలి పేరు నిలిచిపోవడానికి అంతకంటే మంచి కారణం ఉంటుందా?

మూడు వందల ఏళ్ళ తర్వాత మద్రాసులో ఒక తెలుగు వ్యాపారి మరో దారి పట్టాడు. గాజుల లక్ష్మీనరసుశెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ రోజుల్లో రైతు మీద శిస్తు ఉన్నట్టే, మగ్గం మీద, దుకాణం మీద, చేతి పనిముట్ల మీద మొహతర్ఫా అనే పన్ను ఉండేది. ఆ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పెట్టింది. పన్ను వసూళ్ళలో జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణల మీద 1854లో విచారణ కమిషన్ వేశారు. హింస నిజమేనని అది 1855లో తేల్చింది. సొంత వ్యాపారం చూసుకుంటే సరిపోయే మనిషి ఊరందరి పన్ను బాధను నెత్తినేసుకున్నాడు. ఇక 1921లో చీరాల, పేరాల జనం తమకు అక్కర్లేని మునిసిపాలిటీనీ, దాంతో వచ్చిపడిన పన్నులనూ కాదని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళు వదిలి ఊరి బయట పాకల్లోకి వెళ్ళిపోయారు. రామనగరం అని పేరు పెట్టుకున్న ఆ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వాళ్ళలో నేతగాళ్ళున్నారు, చిల్లర వ్యాపారులున్నారు. పన్ను కట్టడం వాళ్ళకు కొత్త కాదు. తమను అడగకుండా వేయడమే వాళ్ళు సహించలేకపోయారు.

ఈ మూడు కథలూ చదివాక బాలానగర్ యజమాని మౌనం ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. ఇప్పుడు పాలకుడి దగ్గరికి వెళ్ళడానికి గడ్డం గీసే పని అక్కర్లేదు. ఓటు ఉంది, సంఘం ఉంది, పోర్టల్ ఉంది. అయినా ఆయన నోరు తెరవడానికి వెనకాడేది ప్రభుత్వం ముందు కాదు, తనకు బాకీ ఉన్న పెద్ద కొనుగోలుదారు ముందు.

జీతాల సంగతికి వద్దాం. నెలకు 15 వేలు వేతనం మీద ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటే పీఎఫ్ కింద అతని జీతంలోంచి 1,800, ఈఎస్ఐ కింద 113 పోతాయి. చేతికి వచ్చేది 13,087. యజమాని తన వైపు నుంచి పీఎఫ్ 1,800, బీమాకూ నిర్వహణకూ కలిపి 150, ఈఎస్ఐ 488 కలపాలి. ఆయనకు పడే ఖర్చు 17,438. ఇద్దరి మధ్య తేడా 4,351 రూపాయలు. ఇక బోనసు, గ్రాట్యుటీ వేరే. ఏడో తారీఖున కుర్రాడు ఫోన్‌లో మెసేజ్ చూసుకుని “పదిహేనన్నరు గద సార్?” అంటాడు. యజమాని తన లెక్క చూసుకుని పదిహేడున్నర ఇస్తున్నానే అనుకుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ తాము మోసపోతున్నామనే అనిపిస్తుంది. ఆ నాలుగు వేల మూడు వందల యాభై ఒక్క రూపాయి ఎక్కడికి వెళ్ళింది?

దాని జవాబు బాలానగర్‌కు దగ్గర్లోనే ఉంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఓపీ దగ్గర పొద్దున నిలబడి చూస్తే ఆ డబ్బు మనుషుల రూపంలో కనిపిస్తుంది. మిషన్‌లో వేలు నలిగిన ప్రెస్ ఆపరేటరుకు వైద్యం ఉచితం, పనికి వెళ్ళలేని రోజులకు వేతనంలో 90 శాతం. జబ్బు పడినవాడికి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం. కార్డు ఉన్న మహిళకు ప్రసవానికి 26 వారాల సెలవుకు వేతనం. పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా కింద, ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి 7 లక్షల దాకా అందే ఏర్పాటు ఉంది. ఆ ఆసుపత్రిలో గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు, మందు దొరక్క తిరగాల్సి రావచ్చు, అవి వేరే ఫిర్యాదులు. కానీ ఆ యజమాని లేత్ మీద పనిచేసిన రోజుల్లో ఆయన పనిచేసిన షెడ్డులో ఎవరి పేరూ ఏ రిజిస్టరులోనూ లేదు. పక్క మెషిన్ మీది మనిషికి చెయ్యి తెగితే కార్మికులు తలా కొంత వేసుకుని ఊరికి పంపించారు. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు. పదిహేనో తారీఖున చలాన్ కడుతున్నప్పుడు గొణుక్కోకుండా ఉండటానికి ఆయన దగ్గరున్న కారణం అదొక్కటే. అది చాలు అంటాడు.

అందుకే ఇరవయ్యో మనిషి వచ్చినప్పుడు ఆయన తన తోటివాళ్ళు చేసిన పని చేయలేదు. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ అన్నది చట్టం గీసిన గీత. ఒకసారి ఇరవైకి చేరి పీఎఫ్ కిందికి వస్తే, తర్వాత మనుషులు తగ్గినా అందులోంచి బయటికి రాలేం. ఈ గీత తెలిసిన షెడ్లు తొమ్మిది మంది దగ్గర, పందొమ్మిది మంది దగ్గర ఆగిపోతాయి. పని పెరిగితే తమ్ముడి పేరు మీద ఇంకో షెడ్డు, లేకపోతే కాంట్రాక్టరు పేరు మీద మనుషులు. అలా చేసేవాళ్ళందరూ దుర్మార్గులా? కాదు. వచ్చే ఆరు నెలలకు ఆర్డర్లు ఉంటాయో లేదో తెలియని మనిషి శాశ్వతమైన భారం ఎత్తుకోవడానికి భయపడటం సహజం. కానీ ఆ భయానికి ఖరీదు కట్టేది మాత్రం పుస్తకాల్లో పేరు లేని ఇరవయ్యో కుర్రాడే.

ఈ దేశంలో వ్యవసాయేతర అసంఘటిత సంస్థలను కేంద్ర గణాంక శాఖ సర్వే చేస్తుంది. 2023–24లో అలాంటివి 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్ళు 12 కోట్ల పైన. ఒక్కో సంస్థకు సగటున ఇద్దరు కూడా లేరు. వాటిలో అత్యధికం జీతానికి ఒక్క మనిషినీ పెట్టుకోనివే. మగ్గం, టైలరింగ్ మిషన్, కిరాణా కొట్టు, టిఫిన్ బండి, అంతా ఇంటిమనుషులతోనే. పరాయి మనిషికి, నెలనెలా, ఫలానా తారీఖుకు ఇంత ఇస్తానని మాట ఇవ్వడం ఎంత పెద్ద అడుగో ఈ అంకె చెబుతుంది. మొదటి మనిషిని పెట్టుకోవడం అంటే మన ఇంటి ఖర్చు లాంటి ఇంకో ఇంటి ఖర్చును మన నిద్రలోకి తెచ్చుకోవడం. ఆ అడుగు వేసినవాళ్ళు కొద్దిమంది. పుస్తకాల్లో చూపించి వేసినవాళ్ళు ఇంకా కొద్దిమంది. ఉపాధి గురించి ఇన్ని సభలు జరిగే దేశంలో ఈ కొద్దిమందిని ఎవరైనా పిలిచి, నీకు రాత్రి నిద్ర పట్టనిది ఎందుకని అడుగుతున్నారా?

నిద్ర పట్టని రాత్రులు 2020లో వచ్చాయి. మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ పడింది. మూతపడ్డ కాలానికీ పూర్తి జీతాలివ్వాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఆదేశం వచ్చింది. పని లేదు, బిల్లులు కదలవు, ఇరవై రెండు కుటుంబాలు. మొదటి నెల పూర్తిగా ఇచ్చాడు. రెండో నెల సగం ఇచ్చి, బియ్యం బస్తాలు ఇళ్ళకు పంపాడు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. తర్వాతి రైళ్ళలో ఆయన షెడ్డులో పనిచేసే ఒడిశా వెల్డర్లిద్దరు వెళ్ళిపోయారు. ఆ జీతాల ఆదేశాన్ని మే నెలలోనే ఉపసంహరించారు. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులూ కార్మికులూ మాట్లాడుకుని తేల్చుకోవాలని చెప్పింది. ప్రభుత్వం హామీ ఉండి అప్పు ఇప్పించింది, పాత బాకీలో 20 శాతం మేర కొత్త అప్పు. అది ఆదుకున్న మాట నిజం. అది అప్పు అన్న మాటా నిజం.

ఆ రోజుల గురించి ఆయన చెప్పేటప్పుడు వినేవాళ్ళకు ఒక సందేహం రాక మానదు. సగం జీతంతో నెల గడిపిన హెల్పర్ ఏం వదులుకున్నాడు? యజమాని నగలు కుదవపెట్టాడు, హెల్పర్‌కు కుదవపెట్టడానికి నగలు లేవు. యజమాని చిట్టీ పాడుకున్నాడు, హెల్పర్ పిల్లవాణ్ణి బడి మాన్పించాడు. ఎవరిది పెద్ద త్యాగమని తూకం వేయడం మొదలుపెడితే తక్కెడ ఎక్కడ ఆగుతుంది? “నేను ఇరవై రెండు కుటుంబాలకు అన్నం పెడుతున్నా” అని కొందరు యజమానులు ఛాతీ విరిచి చెబుతారు. ఈయన ఆ మాట అనడు. ఆ ఇరవై రెండు మంది చేతులు లేకపోతే తన మెషిన్లు ఇనుప దిమ్మెలేనని, పీఎఫ్‌లో వాళ్ళ వాటా తన దగ్గరికి వచ్చి వెళ్ళే వాళ్ళ డబ్బేనని, జీఎస్టీ కూడా కొనుగోలుదారు డబ్బేనని ఆయనకు తెలుసు. ఆయన చేతుల మీదుగా పోయే డబ్బులో ఆయనది చాలా తక్కువ. ఆయన భారమంతా దాన్ని సకాలంలో దాటించడంలోనే ఉంది.

పీఎఫ్, ఈఎస్ఐల్లో కార్మికుడి వాటాను గడువు దాటి కడితే ఆ మొత్తాన్ని యజమాని ఆదాయం కిందే లెక్కించాలని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోసిన డబ్బు కార్మికుడిది, దాన్ని ఒక్కరోజు కూడా వాడుకునే హక్కు యజమానికి లేదు. సరైన తీర్పు. ఆయన కూడా అలాగే అంటాడు. కానీ అదే న్యాయం పైమెట్టు మీద ఉన్నవాళ్ళకు ఎందుకు వర్తించదు? ఆయన చేసిన పనికి రావాల్సిన డబ్బును నాలుగు నెలలు వాడుకునే హక్కు పెద్ద కంపెనీకి ఎవరిచ్చారు?

చట్టం ఇవ్వలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మెలిక పెట్టారు. గడువు లోపల చెల్లించని బిల్లును కొనుగోలుదారు ఆ డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలడు. ఇది నిజంగా పనిచేసే నిబంధన. మార్చి నెలలో కొన్ని పాత బాకీలు కదలడం ఆయన చూశాడు. అయినా చక్రవడ్డీ అడిగిన షెడ్డు బాలానగర్‌లో ఆయనకు తెలిసి లేదు. అడిగితే తర్వాతి ఆర్డరు రాదు. ఫిర్యాదు చేసే హక్కు కాగితం మీద ఉంది, ఆర్డరు అవతలి వాడి చేతిలో ఉంది.

ఇంకో పక్క నుంచి కూడా ఆయనకు నష్టం వస్తోంది. “బిల్లు లేకుండా అయితే ఎంత పడుతుంది?” ఈ ప్రశ్న వారంలో ఒక్కసారైనా ఆయన చెవిన పడుతుంది. రిజిస్టరులో మనుషులు లేని, బిల్లు రాయని షెడ్డు పక్క వీధిలోనే ఉంది. అది చెప్పే రేటు ఈయన చెప్పలేడు. కచ్చా చీటీ మీద పని చేయించుకున్నవాళ్ళు ఆదా చేసిన ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించాలి. అందులో ఒక కుర్రాడి ఈఎస్ఐ కార్డు ఉంది, అతని తల్లి మందులు ఉన్నాయి.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలు 29 పోయి నాలుగు కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఇక తేలిక అవుతుందని ఆడిటర్ గారు అంటున్నారు. అవుతుందేమో. చిన్న యజమానికి పన్ను తగ్గించమని, చట్టాల నుంచి మినహాయింపు ఇమ్మని అడగడం కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. జీఎస్టీని డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కగట్టే వెసులుబాటు చిన్న షెడ్లకైనా ఇవ్వాలి. ఎగ్గొట్టిన బిల్లు మీద కట్టిన పన్ను వెనక్కి ఇవ్వాలి. చక్రవడ్డీని బాధితుడు అడిగితేనే కాక, దానంతటదే పడేలా చేయాలి. ఆయన మీద ఇప్పుడున్నంత కచ్చితత్వం ఆయనకు బాకీ ఉన్నవాళ్ళ మీద కూడా ఉంటే, ఆయనకు దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు.

ఇది చదువుతున్న వాళ్ళలో కంపెనీల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో బిల్లులు పాస్ చేసే కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఉంటారు. ఏదో ఒక చిన్న షెడ్డు బిల్లు మీ టేబుల్ మీద సంతకానికి ఆగి ఉంటే, దాన్ని ఈ వారమే పంపించండి. చట్టం మీకు ఇచ్చిన గడువు మహా అయితే 45 రోజులు.